'చూడుము' అన్నచోట ఏమీ లేకపోతే..

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నన్నో మెయింటెనెన్స్ ప్రాజెక్టులో పడేశారు. నాకంటే ముందు దాన్ని చూసినాయన వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ డెబ్భై పేజీల డాక్యుమెంటు ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఓ శనివారం రాత్రి బ్యాచ్ జాబు మధ్యలో ఆగిపోయింది. ఫోనొచ్చింది. పర్లేదులే, డాక్యుమెంటు ఉందిగా అని ధీమాగా తెరిచా. "ఈ జాబు మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో 4.3.2 లో చూడండి" అని ఉంది. ఆహా అనుకుని కిందకి వెళ్తే 4.3 అయిపోగానే 4.4 వచ్చేసింది. 4.3.2 అసలు లేనే లేదు! ఎప్పుడో ఉండే ఉంటుంది. ఎవరో మధ్యలో తీసేసుంటారు. తీసేసినాయనకి ఇక్కడొక వాక్యం దాన్నే నమ్ముకుని కూర్చుందని తెలీదు.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పి మిమ్మల్ని విసిగించను గానీ, ఆ రోజు నుంచీ నాకో సంగతి బుర్రలో నాటుకుపోయింది. సమాచారం లేకపోవడం ఒక రకం ఇబ్బంది. ఉందని చెప్పి, తీరా వెళ్తే లేకపోవడం ఇంకో రకం. మొదటిదైతే మన దారి మనం వెతుక్కుంటాం. రెండోది మన టైమూ తింటుంది, ఆ పుస్తకంలో మిగతా వాక్యాల మీద ఉన్న నమ్మకాన్నీ తింటుంది.

మన తెలుగు నిఘంటువులు తిరగేసిన వాళ్ళకి "చూ." అనే పొట్టి మాట తెలిసే ఉంటుంది. 'చూడుము' అని దానర్థం. ఒక పదం దగ్గర అర్థం ఇవ్వకుండా "చూ." అని ఇంకో పదం పేరు రాస్తారు. ఆ రెండో పదం నిఘంటువులో ఉండి తీరాలి. అది నిఘంటుకారుడు పాఠకుడికిచ్చే మాట. వేల పదాల పుస్తకంలో అన్ని మాటలూ నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చేత్తో కాగితం చీటీలు పేర్చిన వాళ్ళకే తెలియాలి. మన ప్రోగ్రామర్లకి ఆ పని చేసిపెట్టడానికి కంప్యూటరుంది. మరి మనం నిలబెట్టుకుంటున్నామా? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్తే నాకో చిన్న చరిత్ర దొరికింది. పైథాన్ లైబ్రరీ డాక్యుమెంటేషన్లో వేలాది క్రాస్ రిఫరెన్సులు ఏళ్ళ తరబడి ఎక్కడికీ వెళ్ళకుండా ఎలా ఉండిపోయాయి, వాటిని ఎలా బాగుచెయ్యడం మొదలెట్టారు అన్న చరిత్ర. కాస్త ఓపిక పట్టండి, పైకి కనిపించేంత బోరు కాదు.

ముందుగా కొంచెం వెనక్కి వెళ్దాం. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్ లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ మాన్యువల్ మొదటి ఎడిషన్ తెచ్చారు. అందులో ప్రతి కమాండుకీ ఒక పేజీ, పేజీ చివర్లో "ఇవి కూడా చూడండి" అన్న అర్థంలో ఒక భాగం. మనం ఇవాళ మ్యాన్ అని కొట్టి చదివే పేజీల్లో ఆ భాగం ఇప్పటికీ అలాగే ఉంది. అయితే అక్కడ రాసిన పేరుతో నిజంగా ఒక పేజీ ఉందో లేదో సరిచూసే నాథుడు లేడు. అది ఉత్త అక్షరాలు. రాసినవాడి జ్ఞాపకమే దానికి గ్యారంటీ.

తర్వాత 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ గారు డోనాల్డ్ కనూత్ తయారుచేసిన టెక్ మీద లాటెక్స్ కట్టినప్పుడు ఈ పనిని యంత్రానికి అప్పజెప్పారు. ఒకచోట లేబుల్ అని పేరు పెడతావు, ఇంకోచోట రెఫ్ అని ఆ పేరు పిలుస్తావు. మొదటిసారి నడిపినప్పుడు లేబుళ్ళన్నీ ఒక పక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి నడిపినప్పుడు వాటిని చూసి సరైన నంబర్లు నింపుతుంది. పిలిచిన పేరు దొరక్కపోతే? అక్కడ బోల్డు అక్షరాల్లో రెండు ప్రశ్నార్థకాలు అచ్చేస్తుంది. ప్రాజెక్టు రిపోర్టు లాటెక్స్ లో చేసిన వాళ్ళకి ఆ "??" బాగా పరిచయమే. మొహం మీద కొట్టినట్టుంటుంది. గైడు చూస్తే పరువు పోతుందని వెంటనే సరిచేసేస్తాం. ఈ రెండు ప్రశ్నార్థకాల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరకి.

ఇప్పుడు పైథాన్ కథ. గీడో వాన్ రోసమ్ గారు ఆమ్‌స్టర్‌డామ్ లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధనా సంస్థలో 1989 డిసెంబరులో మొదలెట్టి, 1991 ఫిబ్రవరిలో బయటకి వదిలారు. డాక్యుమెంట్లు లాటెక్స్ లో రాశారు. పరిశోధనా సంస్థ కదా, అక్కడ అదే వాడుక భాష. తర్వాత ఫ్రెడ్ డ్రేక్ అనే ఆయన ఈ డాక్యుమెంటేషన్ పనిముట్లన్నీ ఒక పద్ధతిలో పెట్టి, విషయం కూడా చాలావరకు తనే రాసి, ఏళ్ళ తరబడి మోశారు. కోడు రాసినవాళ్ళ పేర్లు మనకి తెలుస్తాయి గానీ, ఇలాంటి వాళ్ళ పేర్లు పెద్దగా వినపడవు.

ఆ లాటెక్స్ కాలంలో ఒక మంచి అలవాటు ఉండేది. ఫంక్షన్ పేరు రాసేటప్పుడు ఊరికే టైప్‌రైటర్ అక్షరాల్లో రాయకుండా, 'ఇది ఫంక్షన్', 'ఇది క్లాసు', 'ఇది మెథడ్', 'ఇది మాడ్యూల్' అని విడివిడిగా గుర్తు పెట్టేవాళ్ళు. ప్రతిదానికీ ఒక మాక్రో. కానీ ఈ మాక్రోల్లో చాలావరకు అక్షరం రూపు మార్చడం వరకే. ఫంక్షన్ అని గుర్తు పెట్టినంత మాత్రాన లింకు రాదు. లింకు కావాలంటే దానికి వేరే మాక్రోలున్నాయి. అంటే రాసేవాడు ఒక పేరుకి 'ఫంక్షన్' అని గుర్తు పెడితే "బాబూ, ఇది ఒక ఫంక్షన్ పేరు సుమా" అని చెప్తున్నాడంతే. "దీని వివరాలు ఫలానా చోట ఉన్నాయి" అని మాటివ్వట్లేదు.

ఇక్కడ వస్తుంది మలుపు. 2007 మే నెలలో గేయార్గ్ బ్రాండల్ అనే జర్మన్ కుర్రాడు పైథాన్ డెవలపర్ల ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. ఉత్త ప్రతిపాదన కాదు, పనిచేసే వస్తువే తెచ్చి చూపించాడు. మొత్తం లాటెక్స్ డాక్యుమెంట్లని రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే తేలికపాటి రాతలోకి మార్చే ప్రోగ్రాము, దాన్నుంచి చక్కటి వెబ్ పేజీలు తయారుచేసే ఇంకో ప్రోగ్రాము. డేవిడ్ గుడ్జర్ మొదలుపెట్టిన డాక్యుటిల్స్ మీదా, ఫ్రెడ్రిక్ లుంద్ చేసిన ప్రయత్నాల నుంచి తీసుకున్న ఆలోచనల మీదా కట్టాడు. అందరికీ నచ్చేసింది. ఆ ఆగస్టులోనే పైథాన్ సోర్సులోకి చేర్చేశారు. ఆ రెండో ప్రోగ్రామే 2008 మార్చిలో స్ఫింక్స్ పేరుతో విడిగా విడుదలయ్యింది. అదే ఏడాది అక్టోబరులో పైథాన్ 2.6, డిసెంబరులో 3.0 ఈ కొత్త డాక్యుమెంటేషన్ తో వచ్చాయి. ఇవాళ మన టీముల్లో పైథాన్ వాడేవాళ్ళందరూ చూసే ఆ పేజీల తీరు అప్పుడు పుట్టిందే.

ఇప్పుడు అసలు విషయం. మార్చేటప్పుడు లాటెక్స్ లోని 'ఫంక్షన్' మాక్రో స్ఫింక్స్ లో 'ఫంక్' అనే రోల్ అయ్యింది. 'క్లాస్' మాక్రో 'క్లాస్' రోల్, 'మెథడ్' మాక్రో 'మెథ్' రోల్. యంత్రం చేసిన మార్పిడి, ఒకదానికొకటి సరిగ్గా సరిపోయింది. కాకపోతే స్ఫింక్స్ లో ఆ రోల్ అర్థం వేరు! అది అక్షరం రూపు ఒక్కటే మార్చదు. ఆ పేరుతో ఎక్కడైనా వివరణ ఉందేమో వెతికి, ఉంటే లింకు వేస్తుంది. అంటే పదహారేళ్ళ పాటు రాసుకుంటూ వచ్చిన "ఇది ఫంక్షన్ పేరు" అన్న వేలకి వేల గుర్తులు, ఒక్క రాత్రిలో "దీని వివరాలు ఫలానా చోట చూడుము" అన్న మాటలైపోయాయి. రాసినవాళ్ళు ఇవ్వని మాటలు అవి. చాలావాటికి లింకు దొరికింది, పాఠకుడికి పండగే. మిగతావాటికి దొరకలేదు.

దొరకనివాటిని స్ఫింక్స్ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. "??" అచ్చెయ్యలేదు. ఎర్రర్ చూపించలేదు. గప్‌చుప్‌గా అదే పేరుని కోడ్ అక్షరాల్లో రాసేసి ఊరుకుంది. చూడ్డానికి ఏ లోటూ ఉండదు. లింకు లేదని కూడా ఎవరూ గమనించరు. నొక్కితే పేజీ దొరకలేదని రావడానికి అసలు అక్కడ లింకే లేదాయె. పగిలిన లింకు కనీసం పగిలినట్టు కనిపిస్తుంది. ఇది పగల్లేదు, పుట్టలేదు.

అలా ఎందుకు చేశారని బ్రాండల్ ని తిట్టుకోనక్కర్లేదు. ఆలోచిస్తే సబబే. మీ లైబ్రరీ డాక్యుమెంట్లో వేరేవాళ్ళ లైబ్రరీలోని క్లాసు పేరు రాయాల్సి వస్తుంది. దాని వివరణ మీ దగ్గర ఉండదు. అలాంటి ప్రతిదానికీ అరుస్తూ కూర్చుంటే మొదటిరోజే అందరూ ఆ పనిముట్టుని అవతల పారేస్తారు. అందుకే విభాగాల పేర్లు పిలిచే 'రెఫ్' రోల్ కి మాత్రం గమ్యం దొరక్కపోతే స్ఫింక్స్ వార్నింగు ఇస్తుంది, కోడు పేర్లకి మాత్రం చూసీచూడనట్టు పోతుంది. 2008 చివర్లో ఇంటర్‌స్ఫింక్స్ అనే సౌకర్యం వచ్చింది. ఒక ప్రాజెక్టులోని పేర్లన్నీ ఒక జాబితా ఫైలుగా బయటపెడితే, ఇంకో ప్రాజెక్టు దాన్ని దించుకుని నేరుగా అక్కడికి లింకులు వేసుకోవచ్చు. నమ్‌పై, జాంగో లాంటి వాటి డాక్యుమెంట్లలోంచి పైథాన్ డాక్యుమెంట్లకి లింకులు వెళ్ళేది ఇలాగే.

2010లో స్ఫింక్స్ 1.0 వచ్చేనాటికి, కావాలనుకున్నవాళ్ళ కోసం ఒక ఆప్షన్ పెట్టారు. పేరు నిట్‌పికీ. అది ఆన్ చేస్తే గమ్యం దొరకని ప్రతి రిఫరెన్సుకీ వార్నింగు ఇస్తుంది. ఈ పేరుకి అచ్చమైన తెలుగు అర్థం తెలుసా? ఈపులు ఏరడం! మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద పిల్లదాన్ని ముందు కూర్చోబెట్టుకుని, పేలదువ్వెన పట్టుకుని, వెంట్రుక వెంట్రుకా విడదీసి అమ్మమ్మ చేసే పనన్నమాట. పేనైతే కదుల్తుంది కాబట్టి దొరికిపోతుంది. ఈపి అలా కాదు, వెంట్రుకకి అతుక్కుని కూర్చుంటుంది. కంటికి ఆనదు. ఇన్నేళ్ళలో నేను చూసిన సాఫ్ట్‌వేర్ పేర్లలో ఇంత సరిగ్గా కుదిరినది ఇంకోటి లేదు.

సరే, ఈ వార్నింగులు ఎలాంటివో రెండు మూడు రకాలు చెప్తాను.

మొదటి రకం, పూర్తి పేరు రాయకపోవడం. స్క్వేర్ బ్రాకెట్లతో ఒక ఆబ్జెక్టులోంచి విలువ తీసినప్పుడు పిలవబడే డండర్ గెట్‌ఐటెమ్ మెథడ్ ఉంది కదా. డాక్యుమెంట్లో దాని వివరణ 'ఆబ్జెక్ట్' అనే క్లాసు కింద నమోదయ్యి ఉంది. రాసేవాడు ఉత్త డండర్ గెట్‌ఐటెమ్ అని రాస్తే స్ఫింక్స్ కి దొరకదు. ముందు ఆబ్జెక్ట్ అని చేర్చి, దానికి ముందొక టిల్డ గుర్తు పెడితే లింకు సరిగ్గా పడుతుంది, పాఠకుడికి మాత్రం చివరి పేరే కనిపిస్తుంది. ఒక్క మాట, ఒక్క గుర్తు. అంతే మరమ్మత్తు.

రెండో రకం ఇంకా ప్రమాదం. లింకు పడుతుంది, కానీ తప్పు చోటికి. స్ఫింక్స్ ఒక పేరుని వెతికే వరస ఇలా ఉంటుంది: ముందు ఆ పేరు ఉన్నదున్నట్టు, తర్వాత ప్రస్తుతం రాస్తున్న మాడ్యూల్ పేరు ముందు చేర్చి, ఆ తర్వాత మాడ్యూలూ క్లాసూ రెండూ చేర్చి. కోడెక్స్ అనే మాడ్యూల్లో ఓపెన్ అనే ఫంక్షన్ ఉంది. పైథాన్ లో అందరికీ తెలిసిన మామూలు ఓపెన్ కూడా ఉంది. కోడెక్స్ పేజీలో కూర్చుని ఊరికే ఓపెన్ అని రాస్తే లింకు మామూలు ఓపెన్ కి పోతుంది. ముందు ఒక చుక్క పెడితే వెతికే వరస తిరగబడి కోడెక్స్ లోని ఓపెన్ కి వెళ్తుంది. ఒక ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరు లేకుండా ఉత్తరం రాస్తే ఏమవుతుందో అదే ఇక్కడా. గమనించండి, ఇలాంటి తప్పుని నిట్‌పికీ కూడా పట్టుకోలేదు. గమ్యం దొరికిందిగా! మనిషి చదివితేనే దొరుకుతుంది. వార్నింగులు సున్నా అయ్యాయంటే తప్పులు సున్నా అయ్యాయని కాదని ఇందుకే అంటున్నా.

మూడో రకం నాకన్నిటికంటే ముఖ్యమనిపించింది. పేరు సరిగ్గానే రాశారు, స్పెల్లింగు కరెక్టు, మాడ్యూల్ కరెక్టు. అయినా గమ్యం లేదు. ఎందుకంటే ఆ మెథడ్ గురించి డాక్యుమెంటేషన్ లో ఎవరూ, ఎక్కడా, ఎప్పుడూ రాయలేదు! పక్క పేరాల్లో దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు, అందరికీ తెలిసినట్టే మాట్లాడుతున్నారు. తీరా దాని గురించి చెప్పే చోటే లేదు. ఇలాంటి చోట వార్నింగు పోగొట్టాలంటే గుర్తు మారిస్తే సరిపోదు. సోర్సు కోడు తెరిచి, అదేం చేస్తుందో చదివి, కొత్తగా నాలుగు వాక్యాలు రాయాలి. లింకు కోసం మొదలైన పని చదువు దాకా పోతుందన్నమాట.

ఇంతకీ ఇన్నేళ్ళూ పైథాన్ వాళ్ళు నిట్‌పికీ ఎందుకు ఆన్ చెయ్యలేదు? చేస్తే వేలకొద్దీ వార్నింగులు వరదలా వచ్చిపడతాయి కాబట్టి. వేల వార్నింగులున్న చోట కొత్తగా వచ్చిన ఒక్క వార్నింగు ఎవరికి కనిపిస్తుంది? మన ప్రాజెక్టుల్లో బిల్డు లాగులు చూడండి. పేజీలకి పేజీలు పసుపు రంగులో పోతూనే ఉంటాయి, మనం కాఫీ తాగుతూనే ఉంటాం.

దీనికి ఎదురు దారిలో వెళ్ళి దెబ్బతిన్నది జావా. 2014 మార్చిలో జావా 8 వచ్చినప్పుడు జావాడాక్ లో డాక్‌లింట్ అనే తనిఖీని ముందునుంచే ఆన్ చేసి ఇచ్చారు. గమ్యం లేని లింకులు, తప్పు హెచ్‌టీఎంఎల్ గట్రా ఉంటే వార్నింగు కాదు, నేరుగా ఎర్రర్. ఉద్దేశం బంగారం. ఫలితం? నిన్నటిదాకా బుద్ధిగా నడిచిన బిల్డులు జావా 8 కి మారగానే ధడేల్మని కూలాయి. విడుదల చెయ్యాల్సిన పనుంది, పదేళ్ళ నాటి కామెంట్లు దిద్దుకుంటూ కూర్చునే తీరికెవరికుంది? డాక్‌లింట్ ని మొత్తానికే ఆపేసే ఒక్క లైను నెట్లో దొరికింది. ఆ లైను ఒక బిల్డు ఫైల్లోంచి ఇంకో బిల్డు ఫైల్లోకి కాపీ అవుతూ పోయింది. కఠినంగా ఉందామనుకుంటే, ఉన్న కాస్త తనిఖీ కూడా పోయింది.

పైథాన్ వాళ్ళు 2023లో ఈ పని చేతిలోకి తీసుకున్నప్పుడు వేరే ఉపాయం పన్నారు. నిట్‌పికీ ఆన్ చేశారు, కానీ ఇంకా బాగుపడని ఫైళ్ళ పేర్లన్నీ ఒక జాబితాలో రాసిపెట్టుకున్నారు. దాని పేరు నిట్‌ఇగ్నోర్. జాబితాలో లేని ఫైల్లో ఒక్క వార్నింగు వచ్చినా తనిఖీ ఫెయిలవుతుంది. జాబితాలో ఉన్న ఫైలుకి ప్రస్తుతానికి మాఫీ. ఇక్కడిదాకా మామూలే, మనలో చాలామంది చేసేదే. గమ్మత్తు తర్వాత ఉంది. జాబితాలో ఉన్న ఒక ఫైలు పూర్తిగా శుభ్రపడిందనుకోండి, అప్పుడు కూడా తనిఖీ ఫెయిలవుతుంది! "బాగుచేశావు సరే, మరి పేరు ఇంకా జాబితాలో ఎందుకుంచావు, తీసెయ్" అంటుంది. తీసేశాక ఆ ఫైలు మళ్ళీ మురికయ్యే దారి మూసుకుపోతుంది. మెకానిక్కుల దగ్గర టిక్ టిక్ మంటూ ఒకవైపే బిగిసే రాచెట్ స్పానర్ చూశారు కదా, అచ్చం అదే. జాబితా తగ్గుతుందే గానీ పెరగదు.

ఈ పద్ధతిలో ఇంకో మంచి గుణం ఉంది. పని చిన్న చిన్న ముక్కలైపోయింది. "పైథాన్ డాక్యుమెంటేషన్ బాగుచెయ్యండి" అంటే ఎవరూ ముందుకు రారు. "ఈ ఒక్క ఫైల్లో వార్నింగులు తీసెయ్యండి" అంటే ఒక సాయంత్రం పని. కొత్తగా ఓపెన్ సోర్సులోకి రావాలనుకునే వాళ్ళకి ఇంతకంటే మంచి గుమ్మం దొరకదు. అప్పట్నుంచీ ఫైలు తర్వాత ఫైలు, జాబితా కరుగుతూ వస్తోంది. పెద్ద పేరున్న కోర్ డెవలపర్లు కూడా కూర్చుని ఈ ఈపులు ఏరారు.

ఇక ఈ కథలో నన్ను బాగా ఆలోచనలో పడేసిన సంగతి చెప్తా. పైథాన్ డాక్యుమెంట్లలో "కొత్తగా ఏమొచ్చింది" అనే పేజీలున్నాయి, ఒక్కో వెర్షన్ కీ ఒకటి చొప్పున 2.0 దాకా. అంటే అవి ఒకరకంగా పైథాన్ చరిత్ర గ్రంథాలు. అవి ఎన్నో మాడ్యూళ్ళని పేరు పెట్టి పిలుస్తాయి. వాటిలో కొన్ని ఇప్పుడు లేవు. 2023 అక్టోబరులో వచ్చిన 3.12 లో డిస్ట్‌యుటిల్స్, ఇంప్, ఎసింకోర్ లాంటివి పోయాయి. 2024 అక్టోబరులో వచ్చిన 3.13 లో ఇంకో 19 మాడ్యూళ్ళు పోయాయి, ఒకప్పుడు వెబ్ పేజీలు నడిపిన సీజీఐ తో సహా. మాడ్యూల్ పేజీ తీసెయ్యగానే, దాన్ని పిలిచిన ప్రతి పాత వాక్యం వార్నింగు ఇవ్వడం మొదలెడుతుంది. అబద్ధం చెప్పినందుకు కాదు పాపం, జరిగింది జరిగినట్టు చెప్పినందుకు.

ఏం చెయ్యాలి మరి? చరిత్ర పేజీలోంచి ఆ పేరు తీసేద్దామా? అది చరిత్రని తుడిచెయ్యడం. స్ఫింక్స్ లో దీనికో గుర్తుంది. పేరు ముందు ఆశ్చర్యార్థకం పెడితే "ఇది పేరే, కానీ లింకు వెతక్కు" అని అర్థం. లాటెక్స్ కాలంలో 'ఫంక్షన్' మాక్రోకి ఉన్న అర్థం అదే కదా! పదహారేళ్ళ తర్వాత ఆ పాత అర్థాన్ని ఒక చిన్న గుర్తుతో మళ్ళీ తెచ్చుకున్నారన్నమాట. అయితే ఈ ఆశ్చర్యార్థకం రెండు వైపులా పదునున్న కత్తి. లేని మాడ్యూల్ ముందు పెడితే నిజాయితీ. ఉన్న మెథడ్ కి వివరణ రాయడానికి బద్ధకించి దాని ముందు పెడితే, వార్నింగు పోతుంది, లోటు అలాగే ఉంటుంది. ఈసారి యంత్రం కూడా అడగదు. పేలు చూడమంటే జుట్టుకి నూనె రాసి పంపించినట్టు.

తర్వాత పైథాన్ వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. పోయిన మాడ్యూళ్ళకి చిన్న పేజీలు మళ్ళీ పెట్టారు. సీజీఐ పేజీ తెరిస్తే ఇప్పుడు నాలుగు ముక్కలుంటాయి: ఈ మాడ్యూల్ ఇక లైబ్రరీలో లేదు, 3.11 లో వద్దన్నారు, 3.13 లో తీసేశారు, ఇది చివరిసారి ఉన్నది 3.12 లో. నాకవి ఊరి చివర సమాధి రాళ్ళలా అనిపించాయి. పేరు, తేదీ, ఒక మాట. వాటివల్ల పాత వాక్యాలకి మళ్ళీ గమ్యం దొరికింది. ఇంటర్‌స్ఫింక్స్ తో పైథాన్ ని నమ్ముకున్న వేరే ప్రాజెక్టుల లింకులకి కూడా. పదిహేనేళ్ళ నాటి కోడు చేతిలో పెట్టుకుని "ఈ మాడ్యూల్ ఏమైపోయింది?" అని వెతుక్కునే మెయింటెనెన్స్ కుర్రాడికి కూడా. నా 4.3.2 తీసేసినాయన ఆ స్థలంలో "ఇది ఫలానా రోజు తీసేశాం, బదులు ఇది చూడండి" అని ఒక్క లైను ఉంచి ఉంటే ఆ శనివారం నేను నిద్రపోయేవాణ్ణి.

ఇదంతా చదివి "ఒరేయ్, లింకులేగా, గూగుల్ లో కొడితే వస్తుంది, ఇప్పుడైతే ఏఐ ని అడిగితే చెప్తుంది, దీనికింత గోలా?" అనే మిత్రులు నాకూ ఉన్నారు. ఒప్పుకుంటా, చాలాసార్లు వస్తుంది. కానీ ఆ వెతికే యంత్రమైనా, జవాబు చెప్పే యంత్రమైనా చదివి నేర్చుకునేది ఈ పేజీలనేగా. ఒక మెథడ్ గురించి ఎక్కడా రాయకపోతే అది కూడా ఊహించే చెప్తుంది, అదీ ఎంతో నమ్మకంగా. మూడో రకం వార్నింగుల్ని పట్టించుకోవాల్సింది అందుకే.

మిగతా భాషలు కూడా ఈ దారికే వచ్చాయి. రస్ట్ 2020 నవంబరులో 1.48 వెర్షన్ తో, డాక్యుమెంట్లలోని పేర్లని కోడులో పేర్లలాగే వెతికి లింకు వేసే పద్ధతిని ఖాయం చేసింది. అంతకుముందు హెచ్‌టీఎంఎల్ ఫైలు దారులు చేత్తో రాసుకునేవాళ్ళు, అవి తరచూ విరిగేవి. ఇప్పుడు గమ్యం దొరక్కపోతే అడక్కుండానే వార్నింగు వస్తుంది. గో 2022 ఆగస్టులో 1.19 తో స్క్వేర్ బ్రాకెట్లలో పేరు రాస్తే లింకయ్యే పద్ధతి తెచ్చింది. మొదటిరోజు నుంచే ఆన్ చేసి పెట్టుకున్నవాడికి సుఖం. 1991 నుంచి సంసారం మోస్తున్న పైథాన్ కి ఆ సుఖం లేదు, అందుకే రాచెట్ స్పానర్.

చివరగా మన తెలుగు వికీపీడియా గుర్తొస్తోంది. 2003 డిసెంబరులో మొదలైనప్పుడు వ్యాసాలకంటే ఎర్ర లింకులే ఎక్కువ. ఎర్ర లింకంటే ఇంకా రాయని వ్యాసానికి వేసిన లింకు. చాలామంది అదేదో తప్పనుకుంటారు గానీ, నా దృష్టిలో అంత నిజాయితీ ఉన్న లింకు ఇంకోటి లేదు. "దీని గురించి రాయాలి, ఇంకా ఎవరూ రాయలేదు, నువ్వు రాస్తావా?" అని అడుగుతుంది. లాటెక్స్ "??" కూడా అలాంటిదే. స్ఫింక్స్ ఏళ్ళ తరబడి చేసిన పొరపాటల్లా ఆ ఎరుపుని నలుపుగా చూపించడం. 2023లో చేసింది ఆ ఎరుపుని మళ్ళీ బయటకి తేవడం, అదీ పాఠకుడికి కాకుండా బాగుచెయ్యగలిగిన వాళ్ళకి మాత్రమే కనిపించేలా.

మొన్న మా టీము డాక్యుమెంట్లకి కూడా ఇదే తనిఖీ పెట్టా. స్ఫింక్స్ లో ఆ ఆప్షన్ ఆన్ చేసి, మురికి ఫైళ్ళ జాబితా ఒకటి రాసి, జాబితా పెరిగితే బిల్డు ఆగేలా చేశా. మొదటిరోజు జాబితాలో నలభైకి పైగా ఫైళ్ళు తేలాయి. అందులో మూడు నేను రాసినవే! ఒకదాంట్లో "వివరాలకి ఫలానా ఫంక్షన్ చూడండి" అని రాశా. ఆ ఫంక్షన్ని నేనే పేరు మార్చి, ఇక్కడ మార్చడం మర్చిపోయా. అప్పటిదాకా 4.3.2 తీసేసినాయన్ని తలుచుకున్నప్పుడల్లా పళ్ళు నూరుకునేవాణ్ణి. ఆ రోజుతో మానేశా.

మీ ప్రాజెక్టులో కూడా ఓసారి ఆన్ చేసి చూడండి. ఎన్నొచ్చాయో చెప్పండి. నాకంటే ఎక్కువొస్తే మాత్రం కాస్త మనశ్శాంతిగా ఉంటుంది :)